ప్రాణుల లెక్కకై పరదేశ యాత్ర

(గ్రంథాలయ రజతోత్సవముల రెండవనాటి సాయంసభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను కాను. గ్రామ లెక్కలు వ్రాసి బ్రదుకువాడను. మా తాతగారు ఈ ఊరి కరణము. 1984లో ఆ పదవులు రద్దగువఱకు మా ఇంటి అరుగుమీదనే ఊరి దస్త్రము లుండెడివి. ఆ దస్త్రముల ప్రక్కనే భారతమును, భాగవతమును ఉండెడివి. లెక్కలు ఉద్యోగము కొఱకు నేర్చితిని. కావ్యములు నా కొఱకు చదువుకొంటిని. చెప్పిన గురువు లేడు. ఈ గ్రంథాలయమే గురువు. కావున నా మాటలలో దోషములు దొరలినచో పెద్దలు మన్నింతురు గాక.

కార్యదర్శిగారు నన్ను మన గ్రామ చరిత్రను గూర్చి మాటలాడుమనిరి. విద్యార్థులు విదేశములకు పోయి అడవి ప్రాణులను పరిశోధించు యాత్రలను గూర్చి మాటలాడెదనని నేనంటిని. ఆయన కొంతసేపు నా ముఖమువంక చూచిరి. అట్లు చూచుట న్యాయమే. కారణమును మనవి చేసెదను.

గడచిన మాఘమాసములో ఒకనాటి సాయంకాలము ఈ గ్రంథాలయపు వసారాలోనే నా మిత్రుడొకడు నాప్రక్కన వచ్చి కూర్చుండెను. ఆయన రైతు. కుమార్తె జంతుశాస్త్రములో ఎమ్మెస్సీ చదువుచున్నది. ఆమెకు, మరికొందఱు విద్యార్థులతో కలసి ఆఫ్రికాలోని ఒక దేశమునకు పోయి, ఆఱు వారములు అడవిలో నుండి పక్షులను లెక్కించు అవకాశము వచ్చినది. ఖర్చులో సగము ఆ యాత్రను నడపువారు భరింతురు. తక్కిన సగము ఇంటివారు పెట్టుకొనవలెను. మిత్రుడు నన్నడిగిన మాటలను ఉన్నవున్నట్లుగా చెప్పెదను. "అన్నా, పిట్టల్ని లెక్కబెట్టేదానికి సముద్రం దాటాల్నా? మన చెరువుకాడ పిట్టలు లేవా? లెక్కబెడితే ఎవరికేమొస్తుంది?"

మూడు ప్రశ్నలు. లెక్కలు వ్రాయుటే వృత్తిగా గల నాకు మూడవ ప్రశ్న ములుకువలె నాటుకొన్నది. ఆనాడు జవాబు చెప్పలేకపోతిని. ఆ పిమ్మట దొరకిన పుస్తకముల నన్నింటిని చదివితిని. ఈనాడు చెప్పునది ఆ మిత్రునకు నేను బాకీపడిన జవాబు.

లెక్కించుటను గూర్చి మన ఇతిహాసములలో ఒక కథ కలదు. నలమహారాజు బాహుకుడను పేర సారథియై ఋతుపర్ణుని విదర్భకు గొనిపోవుచుండెను. దారిలో ఒక తాండ్రచెట్టు కనబడినది. ఋతుపర్ణుడు దానిని చూచినంత మాత్రమున దాని ఆకులెన్నో, కాయలెన్నో, నేల రాలినవెన్నో చెప్పెను. బాహుకుడు నమ్మలేదు. రాజునకు తొందర, స్వయంవరమునకు వేళ మించిపోవుచున్నది. అయినను బాహుకుడు రథము నాపి, దిగి, తానే స్వయముగా లెక్కించి, రాజు మాట సరిపోయినదని తెలిసికొన్న పిమ్మటనే కదలెను. రాజు చెప్పినాడు గదా యని ఊరకుండలేదు. సంస్కృత మూలములో మఱియొక విశేషమున్నది. లెక్కించుటకై బాహుకుడు ఆ చెట్టును నఱికెను. ఈ నఱకుట యను మాటను దయచేసి జ్ఞాపకముంచుకొనుడు. మరల దీనికడకు వత్తును.

ఇక మంచుదేశమునకు పోదము. నార్వేకు ఉత్తరముగా ధ్రువ సముద్రములో స్పిట్స్‌బర్గెన్ అను దీవులు కలవు. నార్వేకును ఆ దీవులకును నడుమ బేర్ ఐలండు, అనగా ఎలుగుబంటి దీవి, యని యొక చిన్న దీవి కలదు. చెట్టన్నది అచ్చట మొలవదు. నడివేసవిలో సూర్యుడు క్రుంకడు; నడిశీతకాలమున ఉదయింపడు. 1921 వేసవిలో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమునుండి అధ్యాపకులును విద్యార్థులును కూడిన ఒక జట్టు ఆ ప్రాంతమునకు పోయినది. అందు చార్లెస్ ఎల్టన్ అను ఇరువదియొక్క యేండ్ల విద్యార్థి యుండెను. ఆయన గురువు జూలియన్ హక్స్లీయు ఆ జట్టులోనివాడే.

మంచుదేశమునకే ఏల పోవలెను? నా మిత్రుని మొదటి ప్రశ్న యిదే గదా. జవాబు తమాషాగా నున్నది. అచ్చట ప్రాణిజాతులు తక్కువ. మన నల్లమలలో ఒక మఱ్ఱిచెట్టు క్రింద నిలుచుండి ఏది దేనిని తినుచున్నదో వ్రాయ మొదలుపెట్టినచో ఒక జన్మ చాలదు. అది నాలుగు తరములుగా పంపకము కాని ఉమ్మడి ఆస్తి వంటిది. ఏ తీగ లాగినను డొంక యంతయు కదలును. బేర్ ఐలండు అట్లు కాదు. పది గడపలున్న పల్లెవలె ఎవరికెవరితో ఏ సంబంధమో విడదీసి చూడవచ్చును. సులభమైన లెక్కను ముందు చేసినగాని కష్టమైన లెక్క పట్టుబడదు. ఎక్కాలు నేర్చినవారికి ఈ మాట వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఎల్టన్, సమ్మర్‌హేస్ అను వృక్షశాస్త్రజ్ఞునితో కలసి, తాము చూచినదానిని 1923లో ఒక పటముగా ప్రకటించెను. సముద్రపక్షులు సముద్రములో మేసి దీవికి వచ్చి రెట్టవేయును. ఆ రెట్టయే నేలకు ఎరువు. ఎరువువలన మొక్క, మొక్కవలన పురుగు, పురుగువలన పిట్ట, పిట్టవలన నక్క. పిట్టలు దొరకని కాలమున ఆ నక్క తెల్ల ఎలుగుబంటి తిని విడిచిన సీలు మాంసపు శేషముతో పొట్ట పోసికొనును. ఇవన్నియు బాణపు గుర్తులతో గీయబడినవి. ఆ పటమును నేను మొదట చూచినప్పుడు మా తాతగారి జమాఖర్చుల చిట్టా కన్నులయెదుట నిలిచినది. ఇచ్చట ఖర్చు వ్రాసినది అచ్చట జమపడవలెను. పడకున్నచో ఎచ్చటనో లోపమున్నది. ఒక ప్రాణిని తీసివేసినచో ఎవరి ఖాతా కొట్టువడునో తెలిసికొనుటకు దారిచూపిన తొలి పటములలో అది యొకటి.

ఇచ్చటితో ఆ యువకుని కథ ముగియలేదు. నా మనస్సునకు మిక్కిలి నచ్చిన భాగము ఇంకను ముందున్నది. 1923లో మరల ఆ దీవులకు పోయి తిరిగివచ్చుచు ఎల్టన్ నార్వేలోని ట్రామ్సో పట్టణమున ఒక పుస్తకముల దుకాణములో దూరెను. నార్వే జంతువులను గూర్చి కొలెట్ అను పండితుడు వ్రాసిన గ్రంథమును అచ్చట కొనెను. లెమ్మింగులని ఆ దేశములో చిట్టెలుకల వంటి జంతువులు కలవు. అవి యే యే సంవత్సరములలో కోకొల్లలుగా పుట్టి మేరమీఱినవో ఆ గ్రంథములో వ్రాసియున్నది. ఆ సంవత్సరములను వరుసగా పేర్చి చూడగా మూడు నాలుగేండ్ల కొకమారు పెరుగుటయు, పిమ్మట తఱిగిపోవుటయు కానవచ్చినది. ఎలుకలు పైరుమీద పడిన యేడు దైవాగ్రహమని మన పెద్దలనుకొనెడివారు. ఆ ఆగ్రహమునకును ఒక లెక్క యుండవచ్చునని ఆయనకు తట్టినది. ఒక ప్రయాణము, ఒక పుస్తకము. రెండును కలసిననాడు తట్టినది. గ్రంథాలయ సభలో నిలుచుండి ఈ మాట చెప్పుటకు నాకు సంతోషముగా నున్నది.

1925 నుండి ఎల్టన్ కొన్నియేండ్లు హడ్సన్ బే కంపెనీకి సలహాదారుగా నుండెను. 1670లో ఇంగ్లండులో ఏర్పడిన ఆ వర్తకసంఘము కెనడా అడవులలో వేటగాండ్రవద్ద తోళ్ళు కొనుచుండెడిది. ఏ కొఠారులో ఏ యేడు ఏ జంతువు తోళ్ళు ఎన్ని వచ్చినవో ఆ కంపెనీ గుమాస్తాలు తరతరములుగా వ్రాసియుంచిరి. ఎల్టన్ ఆ ఖాతాపుస్తకములను తిరుగవేసెను. లింక్సు అను పెద్ద అడవిపిల్లి తోళ్ళు సుమారు పదియేండ్ల కొకమారు పొంగుచు, మరల క్రుంగుచు వచ్చినవి. ఆ పిల్లికి ఆహారమైన మంచుకుందేలును అట్లే పెరిగి తఱుగును. ఆయనయు, మేరీ నికల్సన్ అను సహచరురాలును 1942లో ఆ లెక్కలను విపులముగా ప్రకటించిరి. నేటికిని ప్రాణుల సంఖ్యలను గూర్చి చదువు విద్యార్థి ఈ లెక్కను చూడక ముందునకు పోడు.

మంచుగడ్డలనడుమ, కొఱకొఱలాడు చలిలో, సిరా గడ్డకట్టకుండ కాచుకొనుచు, ఆ అంకెలను వ్రాసిన గుమాస్తా ఎవడో! అతడు శాస్త్రమునకై వ్రాయలేదు. యజమానికి లెక్క అప్పగింపవలెను గనుక వ్రాసెను. నూఱేండ్ల తరువాత ఒకడు వచ్చి ఆ అంకెలనుండి అడవియొక్క ఊపిరిని వినునని అతడు కలగనియైన నుండడు. నాబోటి లెక్కలవానికి ఇంతకుమించిన గౌరవము ఏ సన్మానసభలోను జరుగదు. అయితే ఒక్క సంగతి. తోళ్ళ లెక్క తోళ్ళకే చెల్లును. జంతువుల కన్నింటికి చెల్లదు. వేటగాడు జబ్బుపడిన యేడు తోళ్ళు తగ్గును. ధర పడిపోయిన యేడును తగ్గును. అడవిలో పిల్లులు తగ్గినవని అర్థము కాదు. ఎల్టన్‌కు ఈ తేడా తెలియును. అందుచేతనే 1931 నుండి ఆయన అడవులలో నున్న కొఠారుల వారికి, వేటగాండ్రకు ఏటేట ప్రశ్నపత్రములు పంపు ఏర్పాటు చేసెను. కుందేళ్ళు పెరిగినవా, తఱిగినవా, యథాప్రకారముగా నున్నవా? ఇంతమాత్రమే అడిగెను. అక్కడనే యుండువాని మాటకు విలువనిచ్చెను.

ఇప్పుడు తాండ్రచెట్టుకడకు వత్తము. ఆ కాలపు యాత్రలలో నోటుపుస్తకముతోపాటు తుపాకియు ప్రయాణము చేసెడిది. 1921 యాత్రలో పక్షుల శాఖను నడపిన జోర్డెయిన్ గ్రుడ్లు సేకరించుటలో పేరెన్నిక గన్నవాడు. గ్రుడ్డును తెచ్చి పెట్టెలో దూదిమీద పెట్టినగాని పక్షి యున్నట్లు రుజువుకాదని నాటి మతము. అనగా లెక్కకొఱకు చెట్టును నఱకుటయే. వారిని నిందింపను, నాటికి దూరమునుండి స్పష్టముగా పట్టు కెమేరాలు నేటివలె లేవు. కాని ప్రాణి తఱిగిపోవుచున్న కాలములో ఆ మతము చెల్లదని క్రమముగా విద్యార్థులే గ్రహించిరి. చంపి తెచ్చుట పోయి, చూచి వ్రాయుట వచ్చినది. కొత్తప్రాణిని కనుగొంటిమను గొప్ప పోయి, ఉన్నప్రాణి ఎంత మిగిలియున్నదను ప్రశ్న వచ్చినది. ఈ మార్పు ఒక్కనాట రాలేదు.

దీనికి నేను చెప్పదలచిన దృష్టాంతము ఇథియోపియా దేశములోనిది. ఆ దేశపు దక్షిణభాగమున అర్బామించ్ అను పట్టణము కలదు. నలుబది ఊటలని ఆ పేరునకు అర్థము. దానికి చేరువనే అబయా, చామో అను రెండు పెద్ద సరస్సులును, నెచిసార్ అను జాతీయవనమును కలవు. నెచిసార్ అనగా తెల్లగడ్డి. 1990లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము నుండి ఒక యాత్రాబృందము అచ్చటికి పోయినది. వారి పని జాబితా వ్రాయుట. ఆ వనములో 315 జాతుల పక్షులను, 61 జాతుల జంతువులను, 69 జాతుల సీతాకోకచిలుకలను నమోదు చేసిరి. తూనీగలను, సరీసృపములను, కప్పలను సైతము విడువలేదు. మన అడంగలులో సర్వే నెంబరు విడువనట్లు.

ఒకచోట బండిదారిమీద ఏదో వాహనము క్రిందబడి చచ్చిన పక్షి యొకటి వారికి కనబడినది. అది నైట్‌జార్ అను తెగలోనిది. ఆ తెగ పక్షులను మీరందఱు చూచియే యుందురు. పొద్దుగ్రుంకిన తరువాత పొలమునుండి వచ్చునపుడు బండిజాడమీద మట్టిపెళ్ళవలె చదికిలబడి కూర్చుండును. దీపపు వెలుగు పడినంతనే దాని కన్నులు నిప్పుకణికలవలె మెఱయును. బండి మీదికి వచ్చువఱకు లేవదు. ఆ బద్ధకమే ఆ ఇథియోపియా పక్షికి మృత్యువైనది. శరీరము నలిగి, కుళ్ళి, పనికిరాకపోయినది. ఒక రెక్క మాత్రము చెడక యుండెను. విద్యార్థులు ఆ రెక్కను కాగితపు సంచిలో భద్రపఱచి వెంట తెచ్చుకొనిరి.

ఆ రెక్కమీది తెల్లమచ్చ తమకు తెలిసిన యే నైట్‌జార్ మచ్చతోను సరిపోలేదు. మ్యూజియములోని పాత రెక్కలతో పోల్చిచూచిరి. తొందరపడలేదు. అయిదేండ్ల తరువాత, 1995లో, అది క్రొత్త జాతియని అయిదుగురి పేర్లతో ఒక వ్యాసము వెలువడినది. ఆ అయిదుగురిలో ఒకరు ఇథియోపియా వారు. ఆ పక్షికి వారు పెట్టిన శాస్త్రనామము కాప్రిముల్గస్ సొలాలా. లాటినులో ఆ మాటకు 'ఒక్క రెక్క మాత్రమే' యని భావము.

నేను ఈ పేరునకు దండము పెట్టితిని. మామూలుగా ఇట్టి పేర్లు దొరలకు, దాతలకు కానుకలుగా పెట్టబడును. వీరు తమ సాక్ష్యము ఎంత స్వల్పమో ఆ స్వల్పత్వమునే పేరుగా పెట్టిరి. మేము పక్షిని చూడలేదు, పాట వినలేదు, గూడు తెలియదు. మావద్ద నున్నది రెక్క యొక్కటియే యని నామకరణములోనే ఒప్పుకొనిరి. ఒక్క రెక్కతో జాతిని నిలుపవచ్చునా యని సందేహించువారు సందేహింతురు. సందేహింపనిండు. 2009లో నలుగురు ఆ మైదానమునకు మరల పోయి, రాత్రులు దీపములతో వెదకి, ఆ పక్షిని చూచితిమని చెప్పిరి. దాని పైనను ఎవరి నమ్మకము వారిది. రేపు ఎవరైనను ఆ రెక్కను మరల పరీక్షించి, తీర్పును మార్చినను మార్చవచ్చును. బాహుకుడు రథము నాపి దిగుటకు అవకాశ మున్నది. దాఖలా ఉన్నది గనుక.

ఇచ్చట నా సొంతలెక్కలో నుండి ఒక తప్పును సభకు నివేదింపవలసి యున్నది. 2002లో వానలు పూర్తిగా ముఖము చాటువేసినవి. ఊరికి ఉత్తరమున మెట్టమీద ఒక పేదరైతునకు నాలుగెకరములు. అంతకు ముందటి యేడు అది బీడు. ఆ యేడును బీడేయని ఎవరో అనిరి. ఎండ మండిపోవుచుండెను. నేను పోలేదు. రచ్చబండమీద కూర్చుండి 'బీడు' అని వ్రాసితిని. అతడు అప్పుతెచ్చి వేరుసెనగ విత్తియుండెను. మొలకలు మాడిపోయినవి. పంట పోయినవారి జాబితా వేసినప్పుడు అందులో అతని పేరు లేదు. విత్తినవానికే సాయము, బీడునకు సాయమేమి? తప్పు దిద్దించుటకు నేను తిరుగని చోటు లేదు, గడువు దాటినదనిరి. ఆ రైతు నన్నొక్క మాట అనలేదు. మరుసటి యేడు భార్యను వెంటబెట్టుకొని బెంగుళూరునకు కూలిపనికి పోయెను. నాలుగక్షరములైన లేని మాట యది, బీడు. చూడకుండ వ్రాసితిని. ఆ కేంబ్రిడ్జి పిల్లలు చూచినంతవఱకే వ్రాసిరి. లెక్కవలన ఎవరికేమి వచ్చునని నా మిత్రుడడిగినపుడు నాకు మొదట జ్ఞప్తికి వచ్చినది ఈ నాలుగెకరములే. సరియైన లెక్కవలన ఏమి వచ్చునో చెప్పుట కష్టము కావచ్చును. తప్పులెక్కవలన ఏమి పోవునో నాకు తెలియును. లేదని వ్రాయబడినదానికి రక్షణ లేదు. ఒక అడవిలో ఫలానా పక్షి యున్నదని ఎవరును వ్రాయకున్నచో, ఆ అడవిని కొట్టివేయునపుడు ఆ పక్షి తరఫున అడుగువాడును ఉండడు.

అయితే ఈ యాత్రలను పొగడుటకే నేను నిలుచుండలేదు. ఆఱు వారములలో అడవి తెలియదు. వేసవిసెలవులకు వచ్చి, ఫొటోలు తీసికొని, ఎవరును చదువని ఒక నివేదిక వ్రాసి, విశ్వవిద్యాలయపు బీరువాలో పడవేయు యాత్రలును కలవు. ఇంకొక బాధ కలదు. సంపన్నదేశముల పిల్లలు పేదదేశముల అడవులకు పోవుదురు. కాగితములు, రెక్కలు, గ్రుడ్లు సంపన్నదేశముల మ్యూజియములకు చేరును. అడవిప్రక్కన నివసించు పల్లెవాడు దారిచూపును, మూటమోయును. అతనికి నకలైనను దక్కదు. మా శాఖలో ఒక నియమము కలదు: అసలు ఎచ్చటికి పోయినను నకలు గ్రామములో నుండవలెను. 1992లో రియో నగరమున కుదిరిన జీవవైవిధ్యపు ఒప్పందము ఏ దేశపు ప్రాణిసంపదపై ఆ దేశమునకే హక్కని ఒప్పుకొన్నది. మన దేశమున 2002లో దానికై చట్టము వచ్చినది. దేశమునకు హక్కు వచ్చుట మంచిదే. పల్లెకు నకలు వచ్చుట వేఱు సంగతి.

ఆ విషయమున కొంత ఊఱట కలిగించినది కొమొరోస్ దీవుల వృత్తాంతము. ఆఫ్రికా తీరమునకును మడగాస్కరునకును నడుమ నున్న ఆ దీవులలో అంజువాన్, మొహెలి యను రెంటిలో మాత్రమే ఒక పెద్ద నల్లగబ్బిలము కలదు. రెక్కలు చాచినచో సుమారు నాలుగున్నర అడుగులు. కొండవాలుమీది అడవిని నఱకి సేద్యము చేయుచుండుటచే అది వ్రేలాడు చెట్లు తగ్గిపోవుచుండెను. 1992లో ఇంగ్లండులోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయపు విద్యార్థులు అచ్చటికి పోయి లెక్కించిరి. ఆ యాత్రనుండియే ఒక సంఘము పుట్టినది. వారు చేసిన మంచిపని ఏమనగా, తాము లెక్కించి ఊరకుండక, ఆ దీవివాసులకే లెక్కించుట నేర్పిరి. ఏ చెట్టున ఎన్ని వ్రేలాడుచున్నవో ఆ పల్లెల వారే చూచి వ్రాయసాగిరి. బడిపిల్లలకు ఆ గబ్బిలమును గూర్చి చెప్పిరి. విదేశీయుడు ఓడయెక్కిన పిమ్మటను లెక్క ఆగిపోలేదు.

ఇక "మన చెరువుకాడ పిట్టలు లేవా" యను రెండవ ప్రశ్న. ఉన్నవి. చెరువుకాడనే కాదు, మన కడపజిల్లా లంకమల పొదలలో లోకములో మఱెచ్చటను కంటబడని కలివికోడి కలదు. జెర్డన్ అను వైద్యుని మూలమున 1848లో అది శాస్త్రగ్రంథములకెక్కెను. 1900 తరువాత ఎనుబదియాఱేండ్లు నిశ్చయముగా ఎవరికిని కనబడలేదు. అంతరించినదనుకొనిరి. బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారు వెదకుచుండగా, 1986 జనవరిలో రెడ్డిపల్లె ప్రాంతమున ఐతన్న అను పిట్టలు పట్టువాడు రాత్రివేళ టార్చి వెలుగులో దానిని పట్టెను. పెద్ద చదువులు చదివినవారు వెదకిరి; ఐతన్న కనుగొనెను. 2000 తరువాత మనవారును బ్రిటిషు శాస్త్రజ్ఞులును కలసి, పొదల నడుమ మెత్తని మన్ను పఱచి, తెల్లవాఱినపిమ్మట అందు పడిన అడుగుజాడలను చూచి, పక్షిని తాకకయే ఎచ్చట తిరుగుచున్నదో తెలిసికొను ఉపాయమును అమలుపఱచిరి. చెట్టు నఱకకుండ కాయలు లెక్కించుట యనిన ఇదే. మఱి 1917లో కోలారు ప్రాంతమున సేకరింపబడిన దాని గ్రుడ్డు 2013లో ఎచ్చట బయటపడినదో తెలియునా? స్కాట్లండులోని అబర్దీన్ విశ్వవిద్యాలయపు మ్యూజియములో. మన దేశపు పక్షి గ్రుడ్డు అది. అక్కడికి పోయినందుకు నాకు కోపము వచ్చినది. పోయినందువలననే పగులక మిగిలినదేమో యని వెంటనే తోచినది. ఆ రెండు భావములును నాలో నేటికిని రాజీపడలేదు.

కావున నా మిత్రునికి నేను చెప్పిన దింతే. పిట్టల కొఱకు సముద్రము దాటనక్కఱలేదు. లెక్కించు విధమును, తోడి లెక్కగాండ్రను ఎఱుగుటకు దాటవలసి యుండవచ్చును. పంపుటయు మానుటయు నీ యిష్టము. పంపినచో బిడ్డకు నా మాటగా రెండు సంగతులు చెప్పుము. తిరిగివచ్చునపుడు నివేదిక నకలును ఆ అడవిప్రక్కనున్న బడిలో ఇచ్చి రావలెను. పోకముందు ఒక నెల మన చెరువును లెక్కింపవలెను.

మొదటి సంగతి రేపటిమాట. రెండవది జరిగినది. ఫాల్గుణమాసమంతయు ఆ బిడ్డ తెల్లవాఱుజామున చెరువుకట్టమీదికి పోయినది. కుక్కల భయముచేత తండ్రి తోడు పోయెను. నేను పాత దస్త్రముల ఖాళీకాగితములు కుట్టి ఒక పుస్తకము చేసి యిచ్చితిని. తేది, వేళ, గాలి, నీటిమట్టము, పక్షి పేరు, సంఖ్య, రిమార్కులు. గళ్ళు నేనే గీచితిని. ఆ పుస్తకము ఇదిగో నాచేతిలో నున్నది. సభానంతరము గ్రంథాలయమునకు అప్పగించెదను, ఎవరైనను చూడవచ్చును. మొదటి పదునొకండు పుటలు ఆమె చేతివ్రాత. కళాశాల తెఱచినందున ఆమె అనంతపురము వెళ్ళిపోయినది. పండ్రెండవ పుటనుండి వ్రాత మాఱినది. అక్షరములు పెద్దవి, వంకరవి. పేర్లన్నియు మన ఊరిపేర్లే. ఒకదినము గళ్ళన్నింటికి అడ్డముగా "ఒళ్ళు బాగలేదు, పోలేదు" అని యున్నది.

ఆమె ప్రయాణమునకు ఆయన ఇంకను ఔననలేదు, కాదనలేదు. నిన్నటి తేదీవఱకు లెక్క యున్నది. ఆయన ఈ సభలోనే యున్నారు.

సెలవు.